వైజాగ్ నుంచి తరచూ విమానం ఎక్కుతున్నారా? పాయింట్లు, స్టేటస్, లాంజ్ వాడుకోవడం ఎలా

కిందటి వానాకాలంలో ఒక సాయంత్రం. వైజాగ్ ఎయిర్‌పోర్టులో హైదరాబాద్ ఫ్లైట్ కోసం కూర్చున్నాను. అటునుంచి రావాల్సిన విమానమే ఇంకా రాలేదు. తెర మీద టైము మూడుసార్లు మారింది. నా జేబులో ఆ ఎయిర్‌లైన్ వాళ్లు తరచూ ఎక్కేవాళ్లకిచ్చే పెద్ద స్టేటస్ కార్డు ఉంది. అది చూపిస్తే ఏమైనా పని జరుగుతుందా అని ఆలోచిస్తున్నాను. ఈలోపు నా పక్కనున్న పెద్దాయన లేచారు. మనవరాలి అన్నప్రాసనకు వెళ్తున్నారట. నెమ్మదిగా కౌంటర్ దగ్గరికి వెళ్లి, "అమ్మా, రెండు గంటలు దాటిపోయింది కదా, తినడానికి ఏదైనా ఇప్పించండి" అన్నారు. ఆ అమ్మాయి మారుమాట లేకుండా కూపన్ చేతిలో పెట్టింది. ఆయన తిరిగొచ్చి నా ఎదురుగా ఇడ్లీ తింటుంటే, ఏడాదికి నలభైసార్లు విమానం ఎక్కే నేను ఆకలితో చూస్తూ కూర్చున్నాను.

ఆయన దగ్గర ఏ కార్డూ లేదు. రూలు తెలుసు. నాకూ తెలుసు గానీ, కార్డు ఉందన్న ధీమాలో గుర్తే రాలేదు.

నేను మందుల కంపెనీలకు క్వాలిటీ ఆడిట్లు చేస్తాను. సగం రోజులు పరవాడ, అచ్యుతాపురం; మిగతా సగం హైదరాబాద్, అహ్మదాబాద్, ముంబై. ఇన్నేళ్లు తిరిగాక నాకు అర్థమైంది ఇది: ఎయిర్‌లైన్ మనకిచ్చేవాటిలో కొన్ని వాళ్ల ఇష్టం మీద ఇచ్చేవి, కొన్ని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ఇచ్చి తీరాల్సినవి. మొదటివాటి కోసం పాయింట్లు, స్టేటస్. రెండోవాటికి నోరు తెరిచి అడిగితే చాలు. రెండూ ఎలా వాడుకోవాలో వరసగా చెబుతాను.

1. ముందు పేరు సరిచూసుకోండి

ఎవరూ దీంతో మొదలుపెట్టరు. కానీ మన తెలుగువాళ్లకు సగం పాయింట్లు పోయేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. పాస్‌పోర్టులో అది సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. టెన్త్ సర్టిఫికెట్లో పొడి అక్షరాలు. ఆఫీసు ట్రావెల్ డెస్క్ వాళ్లు తీసే టికెట్ మీద మరో రకం. ఎయిర్‌లైన్ కంప్యూటరుకు ఈ నాలుగూ నలుగురు మనుషులు. సభ్యత్వంలో ఉన్న పేరు, టికెట్ మీద ఉన్న పేరు కలవకపోతే పాయింట్లు పడవు. మనం ఏడాది చివర చూసుకుని బాధపడతాం.

చేయాల్సింది ఇది. పాస్‌పోర్టు తీయండి. అందులో గివెన్ నేమ్ ఏముందో అది ఫస్ట్ నేమ్, సర్‌నేమ్ ఏముందో అది లాస్ట్ నేమ్. పొడి అక్షరాలు ఎక్కడా వద్దు. అదే పేరుతో సభ్యత్వం తీసుకోండి, అదే పేరుతో టికెట్లు కొనండి. పాస్‌పోర్టు లేకపోతే ఆధార్‌ను ఆధారం చేసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న ఆడవాళ్లు పాత ఖాతాను ఇప్పుడే సరిచేయించుకోవడం మంచిది. గుర్తింపు కార్డు పంపిస్తే మారుస్తారు, కొంచెం తిప్పుతారు గానీ మారుస్తారు.

ఇంకో లాభం కూడా ఉంది. 2024 సెప్టెంబరు నుంచి వైజాగ్‌లో డిజియాత్ర వచ్చింది. ముఖం చూపిస్తే గేటు తెరుచుకుంటుంది. కానీ ఆధార్ పేరు, బోర్డింగ్ పాస్ పేరు పొంతన లేకుండా ఉంటే గేటు కదలదు, వెనకున్నవాళ్లు సణుగుతారు.

2. ఏ ప్రోగ్రాములో చేరాలి

హైదరాబాద్, బెంగళూరు వాళ్లు రాసే సలహాలు మనకు సరిగ్గా అతకవు. మన ఎయిర్‌పోర్టు నేవీది. ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీదే మన విమానాలు దిగుతాయి, నేవీ ఎగిరే వేళల్లో మనకు స్లాట్లు ఉండవు. కాబట్టి ఒక కంపెనీకే కట్టుబడి ఉంటానంటే కుదరదు. పొద్దున పది గంటలకు అహ్మదాబాద్‌లో ఉండాలంటే ఏ విమానం కలిస్తే అదే ఎక్కాలి. మనం వేళను బట్టి టికెట్ కొంటాం. అందుకే ఉన్నవాటన్నిటిలో ఉచితంగా చేరండి, ఒక్కదాని కోసం అదనంగా డబ్బు పెట్టకండి.

ఇండిగోది బ్లూచిప్, 2024లో మొదలైంది. ఎయిరిండియాది మహారాజా క్లబ్. నిన్నమొన్నటిదాకా ఫ్లయింగ్ రిటర్న్స్ అనేవాళ్లు, 2025లో పేరు మారింది. ఈ రెండింటిలోనూ చేరడానికి పైసా కట్టక్కర్లేదు. విస్తారా 2024 నవంబరు 12న ఎయిరిండియాలో కలిసిపోయింది కదా, మీకు పాత క్లబ్ విస్తారా ఖాతా ఉంటే ఆ పాయింట్లు ఏమయ్యాయో ఒకసారి లాగిన్ అయి చూడండి. మా ఆఫీసులో ఇద్దరికి మర్చిపోయిన పాయింట్లు అలా దొరికాయి.

ఈ రెంటిలోనూ ఇప్పుడు దూరం లెక్క కాదు, మీరు పెట్టిన ఖర్చు లెక్క. చవక టికెట్ కొంటే తక్కువ పాయింట్లు పడతాయి. అందులో తప్పేం లేదు, చవక టికెట్ కొన్నదే పెద్ద లాభం.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు మాత్రం వేరే మాట చెప్పాలి. ఎయిరిండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్ అనే విమాన కంపెనీల కూటమిలో ఉంది. లుఫ్తాన్సా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, యునైటెడ్ కూడా అందులోవే. వీటిలో దేన్ని ఎక్కినా మీ మహారాజా క్లబ్ నంబరే ఇవ్వొచ్చు. ఎమిరేట్స్ ఏ కూటమిలోనూ లేదు, దాని పాయింట్ల ప్రోగ్రాము స్కైవార్డ్స్ దానిదే. ఖతార్ ఎయిర్‌వేస్ వన్‌వరల్డ్ అనే మరో కూటమిలో ఉంది. ఏడాదికోసారి వెళ్లేవాళ్లు ప్రతిసారీ కంపెనీ మారిస్తే మూడు చోట్ల మూడు గుప్పెళ్ల పాయింట్లు మిగులుతాయి, ఎక్కడా టికెట్‌కు సరిపోవు.

సింగపూర్‌కు స్కూట్ ఎక్కేవాళ్లు ఒక సంగతి గమనించాలి. స్కూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్ వాళ్లదే, వాళ్ల ప్రోగ్రాము క్రిస్‌ఫ్లయర్ మైళ్లు కూడా వస్తాయి. కానీ స్కూట్ స్టార్ అలయన్స్‌లో లేదు, ఎయిరిండియా గోల్డ్ కార్డు అక్కడ చెల్లదు. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్ల గడువు ఉంటుంది. అలాగే ఎయిరిండియా, ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ ఒకే గొడుగు కింద ఉన్నా విమానాలు వేరు. ఒకదాని మీద ఉన్న సౌకర్యం రెండోదాని మీద ఉంటుందా లేదా అన్నది టికెట్ కొనేముందే చూసుకోండి.

3. నంబరు టికెట్లో పడేలా చూసుకోండి

కంపెనీ సొంత యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో లాగిన్ అయి కొంటే నంబరు దానంతట అదే పడుతుంది. బయటి సైట్లలోనో, ఏజెంటు దగ్గరో కొంటే చాలాసార్లు పడదు. అప్పుడు పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) పట్టుకుని ఎయిర్‌లైన్ సైట్లోకి వెళ్లి మీరే చేర్చాలి. వెబ్ చెకిన్ చేసేటప్పుడు కూడా చేర్చొచ్చు. బోర్డింగ్ పాస్ మీద మీ నంబరు కనిపిస్తే పని అయినట్టే.

డాబాగార్డెన్స్‌లోనో ద్వారకానగర్‌లోనో ఏజెంటు దగ్గర తీయించేవాళ్లు ఇంకొకటి అడిగి తీరాలి: టికెట్లో ఫోన్ నంబరు ఎవరిది? వాళ్లు అలవాటుగా తమ నంబరు పెట్టేస్తారు. ఫ్లైట్ రద్దయితే మెసేజ్ ఏజెంటుకు వెళ్తుంది, మీరు ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఉంటారు. అంతకన్నా ముఖ్యం, టికెట్ కొన్నప్పుడు సరైన ఫోన్ నంబరు ఇవ్వకపోతే రద్దుకు నష్టపరిహారం ఇవ్వక్కర్లేదని నిబంధనలోనే ఉంది. మీ నంబరు, మీ ఈమెయిల్ పెట్టించండి. మొహమాటం వద్దు.

ప్రయాణం అయ్యాక బోర్డింగ్ పాస్ పారేయకండి. ఫోటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. రెండు వారాలైనా పాయింట్లు పడకపోతే యాప్‌లో 'మిస్సింగ్ పాయింట్స్' కోరాలి, అప్పుడు టికెట్ నంబరు అడగొచ్చు. పీఎన్ఆర్ కాదు, పదమూడు అంకెల టికెట్ నంబరు. దీనికి గడువుంటుంది, ఏడాది చివర కూర్చుని అన్నీ ఒకేసారి చేద్దామంటే సగం చెల్లవు.

4. పాయింటు విలువ కాగితం మీద లెక్కేయండి

పాయింట్లతో టికెట్ అంటే ఉచితం అనుకుంటాం. కాదు. పన్నులు, యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు వంటివి చేతి నుంచి కట్టాలి. ఉదాహరణకు ఒక టికెట్ డబ్బుతో అయితే 6,200 రూపాయలు, పాయింట్లతో అయితే 8,000 పాయింట్లు, పైన 1,100 రూపాయలు అనుకోండి. 6,200లోంచి 1,100 తీసేస్తే 5,100. దాన్ని 8,000తో భాగిస్తే పాయింటుకు 64 పైసలు. అదే టికెట్ సంక్రాంతి ముందు 11,500 పలుకుతూ, పాయింట్ల ధర మాత్రం మారకపోతే? అప్పుడు పాయింటు విలువ 1 రూపాయి 30 పైసలు. రేటు రెట్టింపు అయింది.

కొన్నిసార్లు డబ్బు ధరతోపాటు పాయింట్ల ధర కూడా పెరుగుతుంది. అలాంటప్పుడు పండక్కి దాచుకున్నా లాభం లేదు. అందుకే కొనే ముందు ప్రతిసారీ ఈ చిన్న భాగహారం చేయండి. నేను 80 పైసల కన్నా తక్కువ వస్తే వాడను. అది నా గీత, మీ గీత మీరు గీసుకోండి. మిక్సీలు, సూట్‌కేసులు, గిఫ్ట్ వోచర్లు కొనడానికి పాయింట్లు వాడితే విలువ దాదాపు ప్రతిసారీ అడుగుకు పోతుంది.

అలాగని పాయింట్లను ఫిక్సెడ్ డిపాజిట్‌లా దాచుకోకండి. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఆగిపోయింది. 2023 మేలో గో ఫస్ట్. విమానాలు ఎగరని కంపెనీ కార్డు మీద ఏ వరస అయినా ఒకటే. కంపెనీ బాగానే ఉన్నా పాయింట్ల ధరల పట్టిక రాత్రికి రాత్రి మార్చేస్తారు. టికెట్‌కు సరిపడా కాగానే వాడేయండి.

ఎయిర్‌లైన్ పేరున్న క్రెడిట్ కార్డుల గురించి చాలామంది అడుగుతారు. బిల్లు నెలనెలా పూర్తిగా కట్టేవాళ్లకు బాగానే ఉంటాయి. బకాయి ఉంచే అలవాటుంటే ఏడాదికి 40 శాతం చుట్టూ పడే వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలవవు.

5. స్టేటస్ వచ్చాక ఏది నిజంగా అక్కరకొస్తుంది

నా అనుభవంలో మొదటిది బ్యాగు బరువు. దేశంలో తిరిగే చవక టికెట్ల మీద 15 కిలోలు మామూలు. మనింటి నుంచి బయల్దేరితే 15 కిలోలు ఏ మూలకు? ఆవకాయ సీసా, మాగాయ సీసా, మాడుగుల హల్వా రెండు డబ్బాలు, వడియాలు. సూట్‌కేసు బరువు తూచితే 19 చూపిస్తుంది, కౌంటర్‌లో కిలో లెక్కన కట్టించుకుంటారు. స్టేటస్ మీద వచ్చే అదనపు బరువు ఇక్కడ డబ్బు రూపంలో కనిపిస్తుంది. స్టార్ అలయన్స్ గోల్డ్ (ఆ కూటమిలో పై మెట్టు స్టేటస్) ఉన్నవాళ్లకు, బరువు లెక్క ఉన్నచోట 20 కిలోలు, బ్యాగుల లెక్క ఉన్నచోట ఒక బ్యాగు అదనంగా వస్తుంది. అమెరికా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ ఒక్క బ్యాగు చాలా మాట.

మాట వచ్చింది కాబట్టి: నూనె తేలే ఊరగాయ చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. గట్టిగా ప్యాక్ చేసి చెకిన్ బ్యాగులో వేయండి. ఎండుకొబ్బరి చెకిన్‌లోనూ వద్దంటారు, అది అంటుకునే పదార్థాల జాబితాలో ఉంది. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. ఈ మూడింటికీ ఏ స్టేటస్సూ పనికిరాదు.

రెండోది సీటు. ముందు వరసల సీట్లు స్టేటస్ ఉన్నవాళ్లకు ఉచితంగానో తగ్గింపుతోనో ఇస్తారు. తీసుకునే ముందు విమానం ఏదో చూడండి. ఏటీఆర్ (పంకాలతో ఎగిరే చిన్న విమానం) అయితే ఎక్కే దిగే తలుపు వెనక ఉంటుంది. ముందు వరస సీటు కొన్నవాళ్లు అందరికన్నా ఆఖరున దిగుతారు. నేను రెండుసార్లు డబ్బు కట్టి మరీ ఆఖరున దిగాను. ఏటీఆర్‌లో పైన అర చిన్నది, ట్రాలీ బ్యాగు మెట్ల దగ్గరే తీసుకుంటారు. లాప్‌టాప్, మందులు ముందే బయటికి తీసి పెట్టుకోండి. ఎయిర్‌బస్ అయితే ముందు సీటుకు విలువుంది. సముద్రం మీదుగా వైజాగ్‌లో దిగుతున్నప్పుడు ఎడమ కిటికీ పక్కన కూర్చుంటే డాల్ఫిన్ నోస్ కొండ, హార్బరు కనిపిస్తాయి. పాతికేళ్లుగా చూస్తున్నా నేను ఫోన్ పక్కన పెట్టేస్తాను.

మూడోది లాంజ్, అంటే ఎయిర్‌పోర్టులో తింటూ కూర్చునే ప్రత్యేక గది. దీని గురించి అందరూ ఎక్కువగా ఊహించుకుంటారు. వైజాగ్ నుంచి నేరుగా హైదరాబాద్ వెళ్లేవాడికి ఒక పూట టిఫిన్ తప్ప అందులో ఏమీ లేదు. ఢిల్లీలోనో ముంబైలోనో నాలుగు గంటలు పడిగాపులు పడాల్సి వచ్చినప్పుడు మాత్రం దాని విలువ తెలుస్తుంది. స్టార్ గోల్డ్ ఉంటే వెంట ఒకరిని తీసుకెళ్లొచ్చు. మిగతావాళ్లు క్రెడిట్ కార్డు మీద వెళ్తారు. అయితే ఈమధ్య చాలా బ్యాంకులు గడిచిన మూడు నెలల్లో ఇంత ఖర్చు పెట్టి ఉంటేనే లోపలికి అంటున్నాయి. ఆ షరతు ఇంటి దగ్గరే యాప్‌లో చూసుకోండి. కుటుంబాన్నంతా వెంటేసుకుని తలుపు దాకా వెళ్లాక, "సార్, ఈ కార్డు మీద ఒక్కరికే" అనిపించుకోవడం బాగుండదు.

ప్రయారిటీ ట్యాగు కట్టినంత మాత్రాన బ్యాగు ముందు వస్తుందని నమ్మకం పెట్టుకోకండి. వస్తే సంతోషం. వీల్‌చైరు మాత్రం స్టేటస్‌తో సంబంధం లేనిది. నడవలేని పెద్దవాళ్లుంటే ప్రయాణానికి 48 గంటల ముందే చెప్పి పెట్టండి.

6. ఫ్లైట్ ఆలస్యమైతే, రద్దయితే

వైజాగ్, హైదరాబాద్ మధ్య ప్రయాణం గంట పైన, రెండు గంటల లోపు. ఈ లెక్క గుర్తుంచుకోండి, కిందవి దీన్ని బట్టే ఉంటాయి.

రెండున్నర గంటల లోపు ప్రయాణాలకు రెండు గంటలు ఆలస్యమైతే తిండి, తాగడానికి ఏదైనా ఇవ్వాలి. ఆలస్యం ఆరు గంటలు దాటేట్టుంటే వేరే విమానమో పూర్తి డబ్బు వాపసో మీ ఇష్టం. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 మధ్య బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ గది వాళ్లే చూడాలి.

రద్దు సంగతి వేరు. రెండు వారాల ముందే చెబితే వేరే విమానమో డబ్బు వాపసో ఇస్తారు, పరిహారం ఉండదు. చెప్పకుండా ఆఖరు నిమిషంలో రద్దు చేస్తే పరిహారం ఉంటుంది. గంట లోపు ప్రయాణానికి 5,000, రెండు గంటల లోపుకి 7,500, అంతకన్నా ఎక్కువైతే 10,000 రూపాయలు. లేదా మీ టికెట్లో బేస్ ఫేరు (పన్నులు, ఫీజులు కలపని అసలు చార్జీ), ఇంధన చార్జీ కలిపిన మొత్తం. రెంటిలో ఏది తక్కువైతే అది. అంటే చవక టికెట్ వాళ్లకు 7,500 రాదు. ఇది చాలామందికి తెలియక కౌంటర్ దగ్గర అనవసరంగా గొంతు చించుకుంటారు.

సీట్లకన్నా ఎక్కువ టికెట్లు అమ్మి మిమ్మల్ని ఎక్కించుకోకపోతే ముందు స్వచ్ఛందంగా దిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగాలి. ఎవరూ లేక మిమ్మల్నే ఆపేస్తే, గంటలోపు మరో విమానం ఇస్తే ఏమీ రాదు. 24 గంటల లోపు ఇస్తే బేస్ ఫేరు, ఇంధన చార్జీల మొత్తానికి రెండింతలు, పదివేలు దాటకుండా. ఆ పైన అయితే నాలుగింతలు, ఇరవై వేలు దాటకుండా.

అయితే తుపాను, పొగమంచు, భద్రతా కారణాలు వంటి అసాధారణ పరిస్థితుల్లో పరిహారం ఇచ్చే బాధ్యత ఎయిర్‌లైన్‌కు ఉండదు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు టెర్మినల్ పైకప్పే చెదిరిపోయింది, కొన్ని రోజులు విమానాలు లేవు. అలాంటప్పుడు రూలు చేతులెత్తేస్తుంది. సరిగ్గా అక్కడ స్టేటస్ పనికొస్తుంది. ఉన్న నాలుగు సీట్లలో ఒకటి దొరకాలంటే, మామూలు కస్టమర్ కేర్‌లో నలభై నిమిషాలు పాట వినకుండా ప్రత్యేక నంబరుకు ఫోన్ చేయగలగడం చిన్న విషయం కాదు.

ఫ్లైట్ రద్దయిన రోజున నేను చేసే పని ఇది. తెర మీద 'రద్దు' కనిపించగానే లైన్లో నిలబడతాను. నిలబడే స్టేటస్ నంబరుకు ఫోన్ చేస్తాను. చెవి దగ్గర ఫోన్ ఉండగానే యాప్‌లో మార్చుకునే అవకాశం వచ్చిందేమో చూస్తాను. మూడింటిలో ఏది ముందు తెగితే అది. ఈలోపు దువ్వాడలోనో విశాఖపట్నం స్టేషన్లోనో రాత్రి రైలు ఉందా అని ఇంకో కన్ను. హైదరాబాద్‌కు వందే భారత్ 2023 జనవరి నుంచి నడుస్తోంది, ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్‌లో దింపుతుంది. 

కౌంటర్‌లో ఎలా అడగాలి అన్నది కూడా చెబుతాను. "నేను ఎవరో తెలుసా", "గోల్డ్ మెంబర్ని" అని మొదలుపెట్టకండి. అక్కడ నిలబడ్డ అమ్మాయి పొద్దున నాలుగింటికి డ్యూటీకి వచ్చి ఉంటుంది, విమానం ఆమె ఆపలేదు. "అమ్మా, నేను రేపు పదింటికి ముంబైలో ఉండాలి. బెంగళూరు మీదుగా అయినా సరే, ఢిల్లీ మీదుగా అయినా సరే. చూసి పెట్టండి" అనండి. మీరే దారి సూచిస్తే వాళ్ల పని తగ్గుతుంది. ఆలస్యానికి కారణం ఏమిటో అడిగి, ఫోన్‌లో రాసుకోండి. వీలైతే మెసేజ్ రూపంలో తీసుకోండి. తర్వాత "వాతావరణం బాగా లేదు" అని మాట మారిస్తే అది చూపించొచ్చు.

7. బ్యాగు పాడైతే, డబ్బు రావాల్సి ఉంటే

ఒకసారి వేరే ఊళ్లో బెల్టు మీదికి నా సూట్‌కేసు ఒక చక్రం లేకుండా వచ్చింది. కారు బయట ఎదురుచూస్తోంది, ఆడిట్‌కు టైము అవుతోంది. ఇంటికెళ్లి మెయిల్ పెడదాంలే అనుకున్నాను. పెట్టాను. "ఎయిర్‌పోర్టులో రిపోర్టు ఇవ్వలేదు కాబట్టి కుదరదు" అని రెండు ముక్కల జవాబు వచ్చింది. తప్పు నాదే. బ్యాగు రాకపోయినా, పగిలి వచ్చినా, బెల్టు పక్కన ఉండే కౌంటర్లో పీఐఆర్ అనే కాగితం రాయించుకోకుండా బయటికి రాకండి. విదేశీ ప్రయాణమైతే బ్యాగు పాడైన సంగతి 7 రోజుల్లో, ఆలస్యంగా అందిన సంగతి అందిన 21 రోజుల్లో రాసి ఇవ్వాలి.

ప్రయాణం మానేసినా ఒకటి అడగండి. టికెట్ డబ్బు తిరిగి రాని రకమైనా, పన్నులు, యూజర్ ఫీజు వెనక్కి ఇవ్వాలి. వాళ్లంతట వాళ్లు ఇవ్వకపోతే యాప్‌లో రెండు నిమిషాల పని.

ఫిర్యాదు రాసేటప్పుడు మన బాధంతా పోయకండి. తేదీ, పీఎన్ఆర్, ఏం జరిగింది, ఏం కావాలి. ఎనిమిది వరుసలు చాలు. మొదట కస్టమర్ కేర్, జవాబు నచ్చకపోతే నోడల్ ఆఫీసరు, ఆ పైన అప్పిలేట్ అధికారి. వీళ్ల వివరాలు ప్రతి ఎయిర్‌లైన్ సైట్లో ఉంటాయి. అక్కడా తేలకపోతే కేంద్ర విమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్, లేదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల లోపు వెళ్లొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు. నేను అంతదూరం ఎప్పుడూ వెళ్లలేదు. నోడల్ ఆఫీసరు దగ్గరే తేలిపోతుంది, నిబంధన పేరు చెప్పి అడిగితే.

8. స్టేటస్ కోసం పరుగులు వద్దు

మూడేళ్ల కిందట పై మెట్టు ఎక్కడానికి ఒక్క ప్రయాణం తగ్గింది. గడువు ఆ నెలాఖరు. నేను పొద్దున వైజాగ్ నుంచి బెంగళూరు వెళ్లి, ఎయిర్‌పోర్టులోనే దోశ తిని, సాయంత్రం తిరిగొచ్చాను. ఆ స్టేటస్ మీద ఏడాదిలో నాకు దక్కింది రెండు లాంజ్ భోజనాలు, ఒకసారి అదనపు బరువు. "ఆ డబ్బుతో అరకు వెళ్లి రెండు రోజులు ఉండి వచ్చేవాళ్లం" అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. లెక్క వేసి చూశాను. నిజమే.

భోగాపురం సంగతి కూడా మనసులో పెట్టుకోండి. మన విమానాల కోసం అక్కడ జీఎంఆర్ సంస్థ కట్టిన కొత్త ఎయిర్‌పోర్టు నగరానికి దాదాపు 45 కిలోమీటర్లు. గాజువాక, పరవాడ వైపు నుంచి బయల్దేరేవాళ్లకు ఊరు మొత్తం దాటి వెళ్లాలి. దేశీయ ప్రయాణాలకు చెకిన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు. ఎన్‌ఏడీ నుంచి పదిహేను నిమిషాల్లో చేరిపోయే అలవాటుతో అక్కడికి బయల్దేరితే ఏ కార్డు చూపించినా గేటు తెరవరు.

చివరగా, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా వాళ్ల పేరు మీద ఖాతా తెరవండి. మా అత్తయ్యకు డాలస్ వెళ్లే ముందు తెరిచాను, పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు పెట్టి, నంబరు టికెట్లో చేర్చి. వెళ్లి వచ్చాక చూస్తే ఆవిడ ఖాతాలో నా ఆరు నెలల తిరుగుడు కన్నా ఎక్కువ పాయింట్లు ఉన్నాయి. వాటితో నాకో హైదరాబాద్ టికెట్ తీయిస్తారా అని అడిగాను. "ముందు సంక్రాంతికి ఎవరెవరు వస్తున్నారో తేలనివ్వండి అల్లుడుగారూ, తర్వాత చూద్దాం" అన్నారు.